కారు ఫిల్లర్ నెక్: నిర్మాణం, చరిత్ర, ఇంటి దగ్గర చేసే మార్పులు

కారు పక్కన ఉండే పెట్రోలు మూత నుంచి లోపలి ట్యాంకు దాకా ఇంధనాన్ని చేర్చే గొట్టాన్ని ఫిల్లర్ నెక్ అంటారు. చూడటానికి ఇది వంపు తిరిగిన మామూలు గొట్టమే. కానీ ఏ నాజిల్ లోపలికి పోవాలో, ట్యాంకులోంచి వచ్చే ఆవిరి ఎటు వెళ్లాలో, బంకులో ధార ఎప్పుడు ఆగాలో, వెనక నుంచి ఏదైనా వాహనం గుద్దినప్పుడు పెట్రోలు బయటికి రాకుండా ఎలా ఉండాలో అన్నీ దీని ఆకారం మీదే ఆధారపడతాయి. తుప్పు పట్టిందని, ట్యాంకు నిదానంగా నిండుతోందని, ట్యాంకు చోటు మార్చామని కొందరు ఇంటి దగ్గరే దీన్ని కోసి, వంచి, అతికిస్తుంటారు. అదే కొలతల కొత్త భాగాన్ని బిగించడం, ఉన్న భాగం ఆకారాన్ని మార్చడం పూర్తిగా వేరు పనులు. మొదటిది జాగ్రత్తగా చేస్తే మరమ్మతు. రెండోదానితో కారు భద్రత, కాలుష్య నియంత్రణ, చట్టబద్ధత మూడూ ఒకేసారి దెబ్బతినవచ్చు.

నిర్మాణం

పై చివర బాడీ రేకులో గిన్నెలాంటి గూడు, దానికి చిన్న తలుపు, లోపల మూత ఉంటాయి. గూటిలో పడిన వాననీరు, ఒలికిన పెట్రోలు కిందికి పోవడానికి సన్నని కాలువ గొట్టం ఉంటుంది. ఇది మట్టితో పూడుకుపోతే నీరు నిలిచి, ఇనుప నెక్ పైభాగానికి తుప్పు పడుతుంది. మూత కింద, నాజిల్ దూరేచోట, సన్నని రంధ్రంతో అడ్డుపళ్లెం, దానికి స్ప్రింగుతో మూసుకునే రెక్క ఉంటాయి. దీన్ని రిస్ట్రిక్టర్ అంటారు.

అక్కడి నుంచి ప్రధాన గొట్టం కిందికి దిగుతుంది. పాత కార్లలో ఇది పూత వేసిన ఉక్కుతో ఉండేది. నేటి కార్లలో చాలావరకు ఆవిరిని బయటికి పోనివ్వని పలు పొరల ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. చాలా కార్లలో ప్రధాన గొట్టం చివరను ట్యాంకుకు రబ్బరు హోసుతో కలిపి, రెండు పక్కలా క్లిప్పులు బిగిస్తారు. దాని పక్కనే సన్నని గాలి గొట్టం నడుస్తుంది. ట్యాంకు ముఖద్వారం దగ్గర ఇంధనం వెనక్కి రాకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ఉక్కు నెక్ అయితే దాన్ని బాడీకి కలిపే ఎర్తు తీగ కూడా ఉంటుంది. ఇంటి మరమ్మతుల్లో ఎక్కువగా మరిచిపోయేది ఈ తీగనే.

పనిచేసే తీరు

ట్యాంకులోకి నలభై లీటర్ల పెట్రోలు దిగాలంటే లోపల ఉన్న నలభై లీటర్ల గాలీ ఆవిరీ బయటికి రావాలి. పక్క గొట్టం ఉన్నది అందుకే. అది నలిగినా, మడత పడినా, అందులో పెట్రోలు నిలిచినా గాలికి దారి ఉండదు. అప్పుడు పెట్రోలు నెక్‌లోంచి పైకి తన్నుకొస్తుంది, లేదా నాజిల్ మాటిమాటికీ ఆగిపోతుంది. నిదానంగా నిండే ట్యాంకు విషయంలో చాలాసార్లు తప్పు ప్రధాన గొట్టం లావులో ఉండదు. గాలి దారిలో ఉంటుంది. ఈ సంగతి తెలియక నెక్‌ను వెడల్పు చేయాలని చూసేవారు రోగాన్ని వదిలి మరొక చోట కోత పెడుతున్నట్టే.

బంకు నాజిల్ తనంతట తాను ఆగిపోవడం వెంచురీ సూత్రం మీద నడుస్తుంది. నాజిల్ కొన దగ్గర చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం వేగంగా ప్రవహిస్తున్నప్పుడు ఆ రంధ్రం గుండా గాలి లోపలికి లాగబడుతుంది. నెక్‌లో ఇంధనం పైకి వచ్చి రంధ్రాన్ని కప్పగానే గాలి ఆగి, లోపల పీడనం పడిపోయి, పొర కదిలి మీట విడుదలవుతుంది. ఇందులో కరెంటుగానీ సెన్సరుగానీ ఏమీ లేదు. అందువల్ల నెక్ వాలు, వంపు, లావు మారితే నాజిల్ ఆగే సమయమూ మారుతుంది. మరీ నిటారుగానో మరీ అడ్డంగానో అమర్చిన నెక్‌లో నురగ వెనక్కి ఎగజిమ్మి, ట్యాంకు సగం నిండకముందే నాజిల్ ఆగిపోవచ్చు.

చోటు మారిన చరిత్ర

తొలి కార్లలో పెట్రోలు పోసే చోటు ట్యాంకు పక్కనే ఉండేది. ఫోర్డ్ మోడల్ టీలో ట్యాంకు ముందు సీటు కింద ఉండేది కాబట్టి సీటు ఎత్తి పోసేవారు. ఆ తర్వాత వచ్చిన మోడల్ ఏలో ట్యాంకు ముందు అద్దానికి ముందుభాగంలో ఉండేది. పంపు అవసరం లేకుండా ఇంధనం ఇంజనుకు దిగేది. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపులోనూ డ్రైవరు సీటు ఎత్తితేనే మూత కనిపించేది. యుద్ధం ముగిశాక వచ్చిన పౌరుల జీపులో మూతను బాడీ పక్కకు తెచ్చారు.

అందం కోసం మూతను దాచే పద్ధతి అమెరికాలో వ్యాపించింది. 1941 కాడిలాక్‌లో ఎడమ వెనక దీపం కిందా, 1956, 1957 షెవ్రొలే కార్లలో వెనక దీపాల దగ్గరా మూత దాగి ఉండేది. ఆ తర్వాత చాలా కార్లలో వెనక నంబరు ప్లేటు వెనక్కి చేరింది. వోక్స్‌వాగన్ బీటిల్‌లో ఎన్నో ఏళ్లు ముందు బానెట్ తెరిచి పోయాల్సి వచ్చేది. 1968 మోడల్‌తో బయటివైపు తలుపు వచ్చింది. వెనక నుంచి గుద్దుకునే ప్రమాదాల మీద పరిశీలన పెరిగాక నెక్ క్రమంగా కారు పక్కలకు మారింది. ఏ పక్కన ఉందో మీటరు బోర్డు మీద చూపే చిన్న బాణం గుర్తు ఆలోచన 1986లో ఫోర్డ్ సంస్థలో పుట్టింది.

పింటో పాఠం

నెక్ ప్రాణాల మీదికి తెచ్చిన సంఘటనల్లో అందరికీ తెలిసినది ఫోర్డ్ పింటో. ఈ చిన్న కారులో ట్యాంకు వెనక ఇరుసుకు వెనకాల ఉండేది. వెనక నుంచి గుద్దితే ట్యాంకు ముందుకు నెట్టబడి, డిఫరెన్షియల్ బోల్టులకు తగిలి చిరిగేది. ఫిల్లర్ నెక్ ట్యాంకులోంచి ఊడి వచ్చేది. రెండు మార్గాల్లోనూ పెట్రోలు రోడ్డు మీద పడి అంటుకునేది. 1978 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఒక జ్యూరీ ఇలాంటి కేసులో, ఫోర్డ్ కంపెనీ 12.5 కోట్ల డాలర్ల శిక్షా పరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది. న్యాయమూర్తి దాన్ని 35 లక్షల డాలర్లకు తగ్గించారు. అదే ఏడాది జూన్‌లో ఫోర్డ్ సుమారు 15 లక్షల పింటో, దాని జంట మోడల్ బాబ్‌క్యాట్ కార్లను వెనక్కి పిలిచింది. అప్పుడు చేసిన సవరణ రెండు భాగాలు: ట్యాంకుకు ముందు ప్లాస్టిక్ కవచం, ట్యాంకులోకి ఇంకా లోతుగా దిగే పొడవైన నెక్.

అంటే నెక్ కొద్దిగా పొడుగు కావడం లక్షల కార్ల భద్రతకు అవసరమైంది. ఆ కొలతను ఇంటి దగ్గర అంచనాతో తగ్గించడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. అమెరికా ఇంధన భద్రతా ప్రమాణమైన ఎఫ్‌ఎమ్‌వీఎస్‌ఎస్ 301 ప్రకారం 1977 మోడళ్ల నుంచి వెనక వైపు గంటకు 30 మైళ్ల వేగంతో గుద్ది పరీక్షిస్తూ వచ్చారు. 2000ల దశకంలో ఆ వేగాన్ని 50 మైళ్లకు పెంచారు. ఏ కంపెనీ అయినా నెక్ ఊడకుండా, చిరగకుండా ఉండేలా హోసు పొడవు, వంగే గుణం, క్లిప్పుల పట్టు అన్నీ ఈ పరీక్ష కోసమే లెక్కగడుతుంది.

రిస్ట్రిక్టర్‌ను పగలగొట్టిన కాలం

ఇంటి దగ్గర నెక్‌ను మార్చడం ఒక దేశవ్యాప్త సమస్యగా మారిన సందర్భం 1970లు, 80ల అమెరికాలో కనిపిస్తుంది. 1921లో థామస్ మిడ్గ్లీ టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను నాకింగ్ తగ్గుతుందని గుర్తించాక దశాబ్దాల పాటు పెట్రోలులో సీసం కలిపారు. 1970 స్వచ్ఛ వాయు చట్టం తర్వాత 1975 మోడల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. ప్లాటినం వంటి లోహాల పూత ఉండే కన్వర్టర్ మీద సీసం పేరుకుంటే అది పనికిరాకుండా పోతుంది. అందుకని ఆ కార్లలో సీసం లేని పెట్రోలే పోయాలి.

మనిషి మాటమీద ఆధారపడకుండా ఈ నియమాన్ని ప్రభుత్వం లోహంలోనే రాసింది. సీసం లేని పెట్రోలు నాజిల్ బయటి వ్యాసం 0.84 అంగుళం, అంటే సుమారు 21.3 మిల్లీమీటర్లు దాటకూడదు. సీసం ఉన్న పెట్రోలు నాజిల్ 0.93 అంగుళం, అంటే సుమారు 23.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కొత్త కార్ల నెక్‌లో రంధ్రం చిన్న నాజిల్‌కే సరిపోతుంది. ఈ రెండు మిల్లీమీటర్ల తేడా మీద ఒక దేశపు గాలి నాణ్యత నిలబడింది.

సీసం ఉన్న పెట్రోలు గ్యాలన్‌కు కొన్ని సెంట్లు చౌక. ఆ కొద్ది ఆదా కోసం చాలామంది రిస్ట్రిక్టర్‌ను సుత్తితోనో స్క్రూడ్రైవరుతోనో పగలగొట్టారు. కొందరు గరాటు వాడారు. ఫలితంగా కన్వర్టర్లు చచ్చిపోయాయి, పొగ పెరిగింది. ఆ కన్వర్టర్ మార్చడానికి అయ్యే ఖర్చు ముందు పెట్రోలు మీద మిగిలింది ఎంతో తక్కువ. పర్యావరణ పరిరక్షణ సంస్థ తనిఖీల్లో నెక్ రంధ్రాన్ని కొలిచేవారు. పొగ గొట్టంలో సీసపు జాడను రంగు మారే కాగితంతో పట్టేవారు. 1976 నుంచి 1980 వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో, పెట్రోలులో సీసం తగ్గినకొద్దీ ప్రజల రక్తంలో సీసం సగటు సుమారు 37 శాతం తగ్గిందని తేలింది. పగిలిన ప్రతి రిస్ట్రిక్టర్ ఆ మేలును వెనక్కి లాగింది. దాని భారం ఎక్కువగా మోసింది పిల్లలే. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు అమ్మకం 1996 జనవరి 1తో ఆగింది. భారతదేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు మొదలై, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా అదే మిగిలింది. ప్రపంచంలో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా. అక్కడ 2021లో ఆగిపోయింది.

సీసం పోయినా రిస్ట్రిక్టర్ అవసరం పోలేదు. చాలా దేశాల్లో డీజిల్ నాజిల్ పెట్రోలు నాజిల్ కంటే లావు కాబట్టి పెట్రోలు కారులో పొరపాటున డీజిల్ పోయకుండా అదే అడ్డుపడుతుంది. దీనికి తిరగబడిన సమస్య డీజిల్ కార్లది: సన్నని పెట్రోలు నాజిల్ వాటిలోకి తేలిగ్గా దూరుతుంది. అందుకే కొన్ని కంపెనీలు సన్నని నాజిల్‌కు తెరుచుకోని తాళాన్ని నెక్‌లో అమర్చాయి. డీజిల్ పొగను శుద్ధి చేసే యూరియా ద్రవానికి 19 మిల్లీమీటర్ల నాజిల్, నెక్‌లో అయస్కాంత వలయం ఐఎస్‌ఓ 22241 ప్రమాణంలో ఉన్నాయి. ఆ వలయం తగిలితేనే అలాంటి నాజిల్ ద్రవాన్ని వదులుతుంది.

ఆవిరి దారి

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. నేలమీదే పాకుతుంది. ఎండలో అది పొగమంచు కాలుష్యానికి ముడిసరుకవుతుంది. అందుకే ట్యాంకు ఆవిరిని బొగ్గు డబ్బాలోకి పంపి, ఇంజను నడిచేటప్పుడు కాల్చివేసే ఏర్పాటు 1970లో కాలిఫోర్నియా కార్లలో, 1971లో అమెరికా అంతటా వచ్చింది. 1998 మోడళ్ల నుంచి పెట్రోలు నింపేటప్పుడు వచ్చే ఆవిరిని కూడా కారులోనే పట్టే పద్ధతిని అక్కడ దశలవారీగా తప్పనిసరి చేశారు. ఇందులో నెక్‌ది కీలక పాత్ర. కావాలనే సన్నగా చేసిన చోట దిగుతున్న పెట్రోలే గొట్టాన్ని నింపి బిరడాగా పనిచేస్తుంది. ఆవిరి పైకి రాలేక బొగ్గు డబ్బాలోకి పోతుంది. అలాంటి నెక్‌ను వెడల్పు చేస్తే ఆ బిరడా ఏర్పడదు.

ఇలాంటి కార్లలోని కంప్యూటర్ అర మిల్లీమీటరు రంధ్రమంత లీకును కూడా పట్టగలదు. పి0442 అంటే చిన్న లీకు, పి0455 అంటే పెద్ద లీకు, పి0457 అంటే మూత వదులు. నెక్ మార్చిన తర్వాత ఇంజను దీపం వెలిగితే మొదట చూడాల్సినవి మూత రబ్బరు, క్లిప్పులు.

మన బంకుల్లో నాజిల్ ఆగాక కూడా రూపాయల లెక్క సరిచేయడానికి ఇంకాస్త పోయించుకునే అలవాటు ఉంది. నెక్ నిండేదాకా పోస్తే పెట్రోలు ఆవిరి గొట్టం ద్వారా బొగ్గు డబ్బాలోకి చేరి దాన్ని పాడుచేస్తుంది. పైగా భూగర్భ ట్యాంకులోని చల్లని పెట్రోలు ఎండలో వ్యాకోచిస్తుంది. నలభై లీటర్లు 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా పెరుగుతుంది. దానికి ట్యాంకులో ఖాళీ ఉండాలి. నెక్ పై వాలును మార్చి ఆ ఖాళీని కూడా నింపుకోవాలనుకోవడం ఆవిరి భద్రతను తీసేయడమే.

ఇంటి దగ్గర మార్పులకు కారణాలు

తుప్పు మొదటి కారణం. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తర అమెరికా ప్రాంతాల్లో, సముద్రపు తేమ ఉండే తీరాల్లో ఉక్కు నెక్ ముందుగా పాడవుతుంది. మోడల్ పాతదై కొత్త భాగం దొరకకపోవడం రెండోది. పికప్ వాహనం వెనక తొట్టెను తీసి చదునైన బల్ల అమర్చడం, వ్యానును నివాస వాహనంగా మార్చడం, అడవి దారుల ప్రయాణాలకు పెద్ద ట్యాంకు పెట్టడం, పాత కారును పందేలకు తయారుచేయడం మిగతా కారణాలు. పందెం కార్లలో సాధారణ ట్యాంకు బదులు చిరగని రబ్బరు సంచి ఉండే ఫ్యూయల్ సెల్ వాడతారు. వాటికి ఎఫ్‌ఐఏ ప్రమాణాలున్నాయి. దొంగలు గొట్టం పెట్టి ఇంధనం లాగకుండా నెక్‌లో పెట్టే జాలీని కొందరు తీసేస్తారు. అది చోరీకి తలుపు తీయడమే.

పదార్థాలు

ప్రతి రబ్బరు గొట్టమూ పెట్రోలుకు పనికిరాదు. రేడియేటర్ హోసు పెట్రోలు తగిలితే ఉబ్బి, మెత్తబడి, పొరలు విడిపోతుంది. మామూలు సిలికాన్ హోసు గుండా ఆవిరి బయటికి పోతూనే ఉంటుంది. ఇంధనం కోసమే తయారై, ఎస్‌ఏఈ జె30 వంటి ప్రమాణం ముద్ర ఉన్న ఫిల్లర్ హోసే వాడాలి. ఫ్లోరో రబ్బరు లోపలి పొర ఉన్నది మరింత మంచిది. భారతదేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి అమ్మకానికి వచ్చి ఇప్పుడు సాధారణమైంది. ఇథనాల్ పాత నైట్రైల్ రబ్బరును ఉబ్బిస్తుంది, నీటిని పీల్చి ఉక్కుకు తుప్పు తెస్తుంది. కాబట్టి పాత కారు నెక్ తెరిచినప్పుడు దాని రబ్బరు అంతా మార్చడం మేలు. ఎం-సీల్, టేపు, పైపుల అతుకు జిగురు ఇక్కడ తాత్కాలికంగా కూడా పనికిరావు.

నెక్ పై నుంచి కింద దాకా ఒకే దిశలో వాలుగా దిగాలి. మధ్యలో కుంగి పెట్రోలు నిలిచే చోటు ఉండకూడదు. వంపులు నిదానంగా ఉండాలి. పొగ గొట్టానికి, తిరిగే భాగాలకు దూరంగా పోవాలి. గాలి గొట్టం కూడా ఇదే నియమం పాటించాలి. నెక్ పై చివర కారు లోపలి భాగంలోకి తెరుచుకోకూడదు.

అగ్ని ప్రమాదం

పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గరే మండే ఆవిరినిస్తుంది. గాలిలో 1.4 నుంచి 7.6 శాతం ఆవిరి ఉంటే నిప్పు అంటుకుంటుంది. మనిషి చేతి నుంచి పుట్టే స్థిర విద్యుత్ మెరుపు దానికి చాలు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. నిండుదానిలో గాలికి చోటుండదు, ఖాళీదానిలో ఆవిరీ గాలీ కలిసి పేలుడు మిశ్రమంగా ఉంటాయి. అందుకే ట్యాంకుకు బిగించి ఉన్న నెక్ మీద వెల్డింగ్, గ్రైండర్, డ్రిల్లు వాడటం ప్రాణాంతకం. నీళ్లతో కడిగామనో, వారం రోజులు ఎండబెట్టామనో నమ్మకూడదు. రేకు అతుకుల్లో దాగిన పెట్రోలు వేడికి మళ్లీ ఆవిరవుతుంది.

నోటితో పీల్చి పెట్రోలు తీసే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా రసాయన న్యుమోనియా వస్తుంది. చేతి పంపే వాడాలి.

అదే కొలతల నెక్‌ను మార్చేవారు పాటించాల్సిన క్రమం ఇది: ట్యాంకులో ఇంధనం తక్కువగా ఉన్నప్పుడు, ఇంజను చల్లబడ్డాక, ఆరుబయట పని చేయాలి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాలి. గాజు బల్బు దీపం వద్దు, బ్యాటరీ ఎల్‌ఈడీ టార్చి చాలు. దగ్గర్లో పొయ్యి, గీజరు, సిగరెట్టు ఉండకూడదు. పొడి రసాయన అగ్నిమాపకం అందుబాటులో ఉంచాలి. నీళ్లు పనికిరావు, పెట్రోలు నీటి మీద తేలి మంటను విస్తరిస్తుంది. పాత క్లిప్పులు మళ్లీ వాడకూడదు. ఎర్తు తీగ తిరిగి బిగించాలి. తీగ లేని లోహపు నెక్ మీద పెట్రోలు ప్రవాహం వల్ల విద్యుదావేశం పేరుకుంటుంది. చివరగా కొద్ది లీటర్లు పోసి, అతుకులన్నీ తడి లేకుండా, వాసన లేకుండా ఉన్నాయో లేదో చూడాలి.

చట్టం

అమెరికాలో కాలుష్య నియంత్రణ భాగాలను తీసేయడం మీద నిషేధం మొదట తయారీదారులకు, డీలర్లకు ఉండేది. 1977లో మరమ్మతు షాపులకు, 1990 సవరణతో సొంత కారును సవరించుకునే వ్యక్తులకు కూడా వర్తించింది. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లకు ఆమోదం పొందిన మోడళ్లు, అధీకృత కేంద్రాలు ఉన్నాయి. కిట్ అమర్చాక ఆర్‌సీలో నమోదు చేయించాలి. సీఎన్‌జీ సిలిండర్‌లో 200 బార్ పీడనం ఉంటుంది కాబట్టి దాని నింపే వాల్వును ఇంటి దగ్గర కదపడం ఏ పరిస్థితిలోనూ తగదు. వంటగ్యాస్ సిలిండర్‌ను కారుకు తగిలించడం నేరం.

అంచనా

నెక్ కొలతల్లో ప్రతిదాని వెనకా ఒక ప్రమాదమో, ఒక రోగమో, ఒక పరీక్షో ఉంది. కొన్ని సెంట్ల కోసం పగిలిన రిస్ట్రిక్టర్లు పిల్లల రక్తంలో సీసాన్ని నిలిపాయి. కొద్దిగా పొట్టిదైన నెక్ మనుషులను మంటల్లో వదిలింది. తుప్పు పట్టిన నెక్‌ను అదే మోడల్ భాగంతో మార్చుకోవడం ఓపిక, శుభ్రత ఉన్నవారు చేయదగిన పని. దారి, వాలు, లావు మార్చాల్సి వస్తే మాత్రం నెక్‌ను ట్యాంకుతో సహా దింపి, ఇంధన వ్యవస్థల పని తెలిసిన మెకానిక్‌కు అప్పగించాలి. రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. పెట్రోలు వాసన వస్తున్న కారును ఇంటి కింద పార్కింగులో ఒక్క రాత్రి కూడా ఉంచకండి.